తుత్తం వెయ్యని కాగితాలు

చేత్తో రంగులు దిద్దిన కాగితాలను బియ్యం సంచుల్లో కుక్కి తెచ్చే మనిషిని ఏమనాలి? అన్న కాబట్టి ఏమీ అనలేదు. ఇంకెవరైనా అయితే ఆ సంచి వాళ్ళ నెత్తిమీదే బోర్లించేదాన్ని. మా అన్నది మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉద్యోగం. వాళ్ళింట్లో ఏది సర్దాలన్నా బియ్యం సంచే గతి. వదిన పోయాక, పిల్లల్లేని ఇంట్లో ఒక్కడినీ అన్ని గదుల్లో ఏం తిరగనని మిల్లు దగ్గర చిన్న ఇంటికి మారాడు. చీరలు వదిన చెల్లెళ్ళు తీసుకున్నారు. గిన్నెలు సగం అన్నే ఉంచుకున్నాడు. కాగితాలు మాత్రం సూర్యాపేటకు, నా దగ్గరికి తెచ్చాడు.

"చెల్లె, ఇవి నీకే తెలుస్తయి. ఉంచుకుంటవో వాడుకుంటవో నీ ఇష్టం. నేనైతే సూడలేను," అని వరండాలో దించి, చాయ్ కూడా తాగకుండా పోయాడు.

వాటి సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. బడిలో పాఠాలు చెప్పడం నా ఉద్యోగం, గ్రీటింగ్ కార్డులు చేయడం నా పిచ్చి. పెళ్ళిళ్ళలో చదివింపులకు ఇచ్చే కవర్లు, టీచర్ల రిటైర్మెంటు కార్డులు, క్రిస్మస్ కార్డులు, అన్నీ చేస్తాను. కార్డు మీద ఒక పువ్వో దీపమో నక్షత్రమో అంటిస్తాం కదా, దాని కింద పరుచుకుని ఇంకో కాగితం ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ పేపరు అంటారు. మేం అడుగు కాగితం అనేవాళ్ళం. దుకాణాల్లో అచ్చువేసినవి దొరుకుతాయి గానీ నేను ఒక్కటీ కొనలేదు. కొనాల్సిన అవసరం మా వదిన రానివ్వలేదు.

మిల్లు నుంచి వచ్చే నూకలను నానబెట్టి, మెత్తగా రుబ్బి, చిక్కగా గంజి కాచేది. పలచటి గుడ్డలో వడగట్టి, పోస్టర్ కలర్ కలిపి, తడిపిన డ్రాయింగ్ షీటు మీద వెడల్పాటి బ్రష్షుతో పూసేది. ఆ గంజి ఆరకముందే పని అంతా. దాని మీద దువ్వెన తిన్నగా లాగితే నాట్లు వేసిన మడి. వంకరగా లాగితే కాలువ నీళ్ళు. చీపురు పుల్లలతో కొడితే వాన. పేన్ల దువ్వెన కూడా వదల్లేదు. దాని గీతలు సన్నగా, పట్టుచీర నేతలా వచ్చేవి. ఆ దువ్వెన ముందు కడిగావా లేదా అని నేను ప్రతిసారీ అడిగేదాన్ని. కడగలేదని ప్రతిసారీ చెప్పేది, నన్ను ఏడిపించడానికే.

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. వదిన నన్ను పిలిచేదే అలా. ఆంధ్ర సరిహద్దు దగ్గరి చిలుకూరులో పుట్టి కోదాడలో చదువుకున్న మనిషి, మాటలో కొంచెం ఆంధ్ర యాస. "ఏం అర్ధమొగుడా, అన్నం తిన్నావా?" అని ఫోన్లో మొదలుపెట్టేది. పక్కన స్టాఫ్‌రూములో ఎవరున్నారో కూడా పట్టించుకునేది కాదు, నా ఫోను గొంతు మరీ పెద్దది. అందరూ వినేవాళ్ళు. సిగ్గుతో చచ్చేదాన్ని. ఇప్పుడు ఆ పిలుపు వినపడితే చాలు, బజారు మధ్యలోనైనా పలుకుతాను.

మా ఇద్దరికీ ఒకే ఒక్క తగువు, అది సర్దడం మీద. నాకు రంగుల వారీగా, సైజుల వారీగా ఫైళ్ళలో ఉండాలి. ఆమె కాగితాలు పరుపు కింద కొన్ని, బియ్యం డ్రమ్ము వెనక కొన్ని, పాత క్యాలెండర్ల మధ్య కొన్ని. నెలకోసారి మిర్యాలగూడ పోయి నేను ఇల్లంతా గాలించాల్సిందే.

"ఒక్క తాన పెట్టుకోరాదా వదినా? నా పానం తీస్తవ్," అనేదాన్ని.

"ఒక్కచోట పెడితే గంటలో తీసుకుని బస్సెక్కేస్తావు. వెతుక్కో. ఈలోపు పప్పు ఉడుకుద్ది," అనేది.

సంచులు వచ్చిన రోజు నేను వాటిని విప్పలేదు. వేసవి సెలవులు అయిపోయి బడులు తెరిచే రోజులు, ఆ వంక దొరికింది. వానలు పడ్డాక, వరండాలో జల్లు కొడుతుంటే, తడుస్తాయన్న భయంతో లోపలికి లాగి విప్పాను. సంచి మూతి తెరవగానే గంజి వాసన వచ్చింది. అలాగే నేల మీద కూలబడి ఏడ్చాను. తర్వాత ముక్కు తుడుచుకుని సర్దడం మొదలుపెట్టాను. ఏడుస్తూ కూర్చుంటే కాగితాల అంచులు మడతలు పడతాయి కదా.

ముందు నా పద్ధతిలోనే రంగులు వేరుచేశాను. నీలాలు ఒక దొంతర, పచ్చలు ఒక దొంతర, పసుపులు ఒకటి. సగం అయ్యేసరికి తప్పని తోచింది. వదిన కాగితాలను రంగుతో ఎప్పుడూ చూడలేదు. ఆమెకు రెండే జాతులు, నోరున్నవి, నోరులేనివి. గీతలు ఎక్కువై, రంగు మీద రంగు పడి, మన కన్ను లాగేసేవి నోరున్న కాగితాలు. వాటి మీద ఏం అంటించినా కనపడదు, చిన్న తెల్ల ముక్క మీద పేరు రాసి ఊరుకోవాలి. మెత్తగా ఒకే పోకలో ఉండేవి నోరులేనివి. వాటి మీద ఏం పెట్టినా మోస్తాయి. "నువ్వు నోరున్న జాతి, నేను లేని జాతి," అనేది. అబద్ధం. ఆమెకున్నంత నోరు మా రెండు కుటుంబాల్లో ఎవరికీ లేదు. అయినా ఆ మాట గుర్తొచ్చి, వేరుచేసిన దొంతరలన్నీ మళ్ళీ కలిపేసి, నోరున్నవి లేనివి అని సర్దాను. నాకు నచ్చని పద్ధతి. కానీ కార్డు చేసే చేతికి అదే సరైన పద్ధతి, బతికుండగా ఆమెతో ఒప్పుకోలేదంతే.

అలా ఒక్కో కాగితం పట్టుకుని చూస్తుంటే పైమూలల్లో ఒక మరక కనపడింది. ప్రతి కాగితానికీ ఉంది. తడి కాగితాన్ని తీగ మీద ఆరేయడానికి ఎత్తేటప్పుడు బొటనవేలు అక్కడ పడుతుంది. అక్కడ రంగు చెదిరి, వేలి గీతలు పడి ఆరిపోతాయి. అన్నేళ్ళూ నేను కార్డుకు కత్తిరించేటప్పుడు మొదట తీసేసేది ఆ మూలనే, పనికిరాదని. అందరూ అదే చేస్తారు, పనిలో అది మామూలే. కానీ ఆ పూట కత్తెర పట్టుకుని ఆ మూల ముందు ఎంతసేపు కూర్చున్నా వేళ్ళు కదలలేదు. కత్తెర సొరుగులో పెట్టేసి వంటింట్లోకి పోయాను.

సంచుల్లో ఒకదాంట్లో పాత చీరముక్కలో చుట్టిన కట్ట ఒకటి విడిగా ఉంది. విప్పకముందే తెలుసు అదేమిటో. వదిన చివరిసారి చేసిన కాగితాలు అవి.

హైదరాబాద్ దవాఖానలో క్యాన్సరుకు మందులు ఎక్కించుకుని వచ్చాక ఆమె వేళ్ళ చివర్లు పగిలిపోయాయి. ఉప్పు తగిలినా మండేవి. ఆ చలికాలంలో ఒక పొద్దున నేను వెళ్ళేసరికి డాబా మీద స్టూలు వేసుకుని, తలకు స్కార్ఫు కట్టుకుని, గంజి గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది.

"పండుకోరాదా వదినా?"

"పడుకుని ఏం చెయ్యను, ఫ్యాను రెక్కలు లెక్కబెట్టనా? ఆ తుత్తం డబ్బా ఇట్లా ఇవ్వు."

గంజిలో ఎప్పుడూ చిటికెడు మైలుతుత్తం కలిపేది. పుస్తకాలు బైండు చేసేవాళ్ళు కూడా కలుపుతారు. గంజి అంటే బియ్యమే కాబట్టి పురుగు వెతుక్కుంటూ వస్తుంది. తుత్తం విషం, అది ఉంటే ముట్టదు. నేను డబ్బా తీసి కొంగు చాటున దాచుకున్నాను.

"వేళ్ళు సూసుకున్నవా? తుత్తం తగిల్తే ఎంత మండుతదో తెల్సా?"

"వెయ్యకపోతే పురుగు తినేస్తదే."

"తినేదాంక ఎవరు దాస్తరు? వచ్చే క్రిస్మస్‌కే అన్నీ వాడేద్దాం."

"నువ్వా? నీ పెళ్ళినాటి పట్టుచీర ఇంకా బీరువాలో మురుగుతోంది. నువ్వు దాచే రకం."

"వాడ్త అంటున్న గద వదినా. నీ మీద ఒట్టు."

"ఎప్పుడు పోతానో తెలియని మనిషి మీద ఒట్టెందుకే," అని నవ్వింది. నేను నవ్వలేదు. ఆమె చేతిలో బ్రష్షు లాక్కుని నేనే గంజి పూశాను. దువ్వెన పట్టుకోవడానికి ఆమె వేళ్ళు వంగలేదు. చేతికి గ్లౌజులు వేసుకోమంటే, వేసుకుంటే కాగితం తెలియదంది. అరచేతిని నీలం గంజి మీద ఆనించి, ఒక్కసారి అటు నుంచి ఇటు తీసేది. అంతే, ఒక కాగితం అయినట్టు. రంగు పలచగా, గీత మెత్తగా, ఒక పక్కకు వాలి వచ్చింది. నేను ఆరేస్తూ ఉన్నాను, ఆమె చేస్తూ ఉంది. తీగ నిండాక ఎండకు కళ్ళు మూసుకుని, "ఇవన్నీ నోరులేనివేనే," అంది. ఉగాది పోయాక వదిన పోయింది.

చావుకు వచ్చినవాళ్ళంతా అన్నను పట్టుకుని ఏడ్చారు, వదిన తల్లిని పట్టుకుని ఏడ్చారు. అది ధర్మమే. నేను వచ్చినవాళ్ళకు చాపలు వేసి, మంచినీళ్ళు ఇచ్చి, చాయ్‌లు పెట్టాను. ఆడబిడ్డ పని అదే కదా. నన్ను పట్టుకుని ఎవరూ ఏడవలేదు. ఒకావిడ మాత్రం, "మీ అన్నకు ఇంకో సంబంధం సూడున్రి, ఎంత కాలమని ఒక్కడే ఉంటడు," అని నా చెవిలో చెప్పింది. ఆమె చేతిలో చాయ్ గ్లాసు లాక్కుని లోపలికి పోయాను. దాని మీద మా పెద్దమ్మలు ఇప్పటికీ నన్ను తిడతారు.

చివరి కట్టను మిగతావాటితో కలపలేదు. శుభ్రంగా తుడిచి, ఇంకో మెత్తటి గుడ్డలో చుట్టి, బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టాను. పైన కలరా ఉండలు వేశాను. ఒట్టు గుర్తుంది. క్రిస్మస్ ఇంకా చాలా దూరం ఉందిలే అనుకున్నాను. నిజం చెప్పాలంటే వాడే ఉద్దేశం నాకు లేదు. వాటిని కత్తిరిస్తే ఇక ఉండవు, అంతకంటే ఆలోచించలేదు.

కార్తీక మాసంలో పూజకని చీర తీయబోతే కట్ట మీద సన్నటి పొడి కనపడింది. విప్పాను. పుస్తకాల్లో వెండిలా మెరుస్తూ పరిగెత్తే పురుగులుంటాయే, అవి అటూ ఇటూ చెదిరిపోయాయి. గంజి పూత ఉన్న చోటల్లా గీకి తినేశాయి. కొన్నిటికి అంచులు పోయాయి, కొన్నిటికి నడిమధ్యలో చిల్లులు. ఆమె అరచెయ్యి తిరిగిన చోట తెల్లగా బోడి కాగితం బయటపడింది. పరుగెత్తి బయట పెట్టిన పాత దొంతరలు చూశాను. ఒక్కదానికీ ఏమీ కాలేదు. తుత్తం వేసిన కాగితాలన్నీ చెక్కుచెదరలేదు, నా తర్వాత కూడా అలాగే ఉంటాయి. నాకు కావలసినవి అవి కావు.

ఆ వారమంతా నాకు పిచ్చి పట్టినట్టయింది. వేపాకు పెట్టాను. ఎండలో పెడితే పురుగు పోయింది గానీ రంగు ఇంకా వెలిసింది. చివరికి మన అందరి బుర్రకూ తట్టేదే నాకూ తట్టింది. రేషన్ కార్డు, పదో తరగతి మెమో, దేవుడి పటం, ఏది కలకాలం ఉండాలన్నా మనం చేసేది ఒకటే. కట్టలో కాస్త మంచి కాగితం ఒకటి ఏరుకుని, కొత్త బస్టాండు దగ్గర జిరాక్సు షాపుకు పోయి లామినేషన్ చేయమన్నాను.

"ఇది తడిగ ఉందా మేడమ్?" అని ఆ షాపతను చెయ్యి పెట్టి చూశాడు.

"లేదు, పాతదే. చెయ్యండి."

మిషను వేడికి గంజి పొంగింది. అప్పడం మీద లేచినట్టు బొబ్బలు లేచి, నీలం గోధుమరంగుకు తిరిగి, ప్లాస్టిక్ లోపల చచ్చి బయటికి వచ్చింది. నేను దాన్ని పట్టుకుని షాపు మెట్ల మీదే కూర్చున్నాను. అతను పాపం భయపడి, పైసలొద్దు మేడమ్ అన్నాడు. అతని తప్పేముంది. దాచే రకం అని వదిన నన్ను ఊరికే అనలేదు.

ఆ తర్వాతే కోదాడ నుంచి ఫోను వచ్చింది. ఒకప్పుడు మా బడిలోనే పనిచేసి, రిటైరయ్యాక కోదాడలో కొడుకు దగ్గర ఉంటున్న టీచరమ్మ. ప్రతి క్రిస్మస్‌కూ తన చర్చిలో అందరికీ పంచడానికి కార్డులు నా దగ్గరే చేయించుకుంటుంది. వదినను ఆమె ఎన్నడూ చూడలేదు. వదిన చేతి కాగితాలు మాత్రం ఆమెకు బాగా తెలుసు.

"ఏమ్మా, ఈ ఏడు కార్డులు ఎప్పుడు తెస్తావు? మీ వదినగారికి చెప్పు, పోయినేడు ఆ నీలం కాగితాలకి అందరూ ఎంత ముచ్చటపడ్డారో. ఈసారీ అట్లాంటివే చెయ్యమను."

"చెప్త మేడమ్," అన్నాను.

ఎందుకలా అన్నానో నాకే తెలియలేదు. మా ఊళ్ళో అందరికీ తెలుసు కాబట్టి, వదిన పోయిందని నా నోటితో ఎవరికీ చెప్పాల్సిన అవసరం అంతవరకు రాలేదు. ఫోను పెట్టేశాక, చెప్పడానికి మనిషి లేదన్నది మళ్ళీ కొత్తగా తెలిసినట్టు, గోడకు ఆనుకుని నిలబడిపోయాను.

మర్నాడు ఆదివారం. సొరుగులోంచి కత్తెర తీశాను. పాత కాగితాల్లో నీలాలు కావలసినన్ని ఉన్నాయి. వాటితో చేసేసి ఊరుకోవచ్చు, టీచరమ్మకు తేడా తెలియదు. ఆ ఆశ చాలాసేపు లాగింది. కానీ చివరి కట్ట విప్పి చూస్తే ఎండలో పెట్టినా మళ్ళీ రెండు పురుగులు. ఇక ఆగలేదు. పురుగు తిన్న మేర వదిలి, మిగిలిన నీలాన్ని కత్తిరించాను. ఎప్పుడూ నేను అనుకున్న సైజుకు కాగితం కోస్తాను. ఈసారి పురుగు వదిలిన సైజుకు కార్డు చేశాను. అందుకే అన్నీ చిన్నవి వచ్చాయి, ఒకదానికొకటి కలవవు.

పైన ఏమీ అంటించకుండా వదిలేద్దామనిపించింది. ఆ చెయ్యి తిరిగిన తీరు ఒక్కటీ కనపడితే చాలదా అనుకున్నాను. కానీ నక్షత్రం లేకపోతే అది క్రిస్మస్ కార్డు కాదు, చనిపోయినవాళ్ళ ఫొటో అవుతుంది. ఫొటో అయితే మళ్ళీ దాస్తారు. తెల్ల కాగితంతో నక్షత్రాలు కోసి, ప్రతిదాని మీదా అంటించాను. అంటించిన ప్రతిసారీ వదిన చేతి మీద నా చెయ్యి పెట్టినట్టే ఉంది. ఏడుపు ఆపుకోవడానికి పళ్ళు బిగబట్టాను, తడి పడితే గంజి కరుగుతుంది.

కోదాడ బస్సులో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. టీచరమ్మ వాకిట్లోనే కుర్చీ వేసుకుని ఎదురుచూస్తోంది. కార్డులు ఒళ్ళో పోసుకుని ఒక్కోటీ కళ్ళద్దాల దగ్గరికి తెచ్చుకుని చూసింది.

"ఈసారి రంగు లేతగా వేశారేంటమ్మా. అయినా ఎంత బాగున్నాయో, నీళ్ళల్లో చెయ్యి పెట్టినట్టు. మీ వదినగారు కులాసానా?"

"వదిన పోయింది మేడమ్," అన్నాను.

ఆమె చేతిలో కార్డు ఒళ్ళో పెట్టేసింది. ఏమైందని అడిగింది, చెప్పాను. ఇవే ఆఖరివని కూడా చెప్పాను. ఆమె కార్డులన్నీ జాగ్రత్తగా పోగుచేసి, "అయితే ఇవి పంచను తల్లీ. వేరేవి కొని పంచుతాను. వీటిని నా బైబిలు పక్కన భద్రంగా పెట్టుకుంటా, ఆమె గుర్తుగా," అంది.

ఎంత మంచి మాట అది. సరే మేడమ్ అని ఒక్క మాట అంటే చాలు, అవన్నీ ఒక్కచోట ఉంటాయి, నేను కోదాడ వచ్చినప్పుడల్లా చూసుకోవచ్చు. నా ప్రాణమంతా ఆ మాట మీదే ఉంది.

"వద్దు మేడమ్, పంచుండ్రి. వీటిల తుత్తం వెయ్యలేదు. దాస్తే పురుగు తింటది," అన్నాను.

ఆమెకు తుత్తం సంగతి అర్థమైందో లేదో తెలియదు. నా ముఖం చూసి సరేనంది. సాయంత్రం పాటలు నేర్చుకోవడానికి చర్చి పిల్లలు ఆ వాకిట్లోకే వస్తారట, అప్పుడే వచ్చారు. ఆమె వాళ్ళను వరసలో నిలబెట్టి, నా ముందే ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కార్డు పెట్టింది. ఒక పిల్ల దాన్ని రెండుగా మడిచి జామెట్రీ బాక్సులో పెట్టుకుంది. ఇంకొకతె నక్షత్రాన్ని గోటితో గీకి చూస్తోంది. పాటలయ్యాక గోలగోలగా గేటు దాటి తలా ఒక వైపు పోయారు. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి తిరిగి ఇమ్మని అడుగుదామని గేటు దాకా వెళ్ళాను. అడగలేదు.

బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. వదిన పోయినప్పటి నుంచీ ఆమెతో నాకు ఒక పని బాకీ ఉండేది. ఆమె కోసం తిట్టుకుంటూనో ఏడుస్తూనో చేయాల్సింది ఏదో ఒకటి ఉండేది. ఇప్పుడు అది కూడా అయిపోయింది. సూర్యాపేట బస్సులు వచ్చి పోతున్నాయి. నేను ఎక్కలేదు. చీకటి పడేదాకా అక్కడే కూర్చుని, ఎవరు చూస్తున్నారో పట్టించుకోకుండా మా వదిన కోసం ఏడ్చాను.